సౌండు నలభై

ఏ వీడియో ఎంత అరుపును మింగగలదో లక్ష్మీకాంతానికి అమెరికాలో కొడుకింటికి వచ్చిన ఈ ఐదు నెలల్లో బాగా తెలిసిపోయింది. ప్రవచనాలు పనికిరావు. ఆ స్వామివారు ధర్మం గురించి ఒక మాట చెప్పి, అది జనం బుర్రలోకి దిగేదాకా ఆగుతారు. సరిగ్గా ఆయన ఆగినప్పుడే వంటింట్లోంచి దెబ్బ వినిపిస్తుంది. వంటల వీడియోలు మరీ దండగ, పోపు చిటపటలు ఏ మూలకు? సీరియళ్లలో ఏడుపులకు లోటు లేదు గాని, ఏ ఏడుపు టీవీదో ఏది ఇంట్లోదో తెలియక ప్రాణం ఇంకా ఉసూరుమంటుంది. అన్నిటికన్నా భజనలు మేలు. హార్మోనియం, డోలక్, పాతిక జతల తాళాలు, వందమంది గొంతులు. సౌండు నలభైకి పెడితే చాలు, క్యారీ ఊళ్లో, పక్కింటితో గోడ పంచుకున్న ఆ టౌన్‌హోమ్ హాల్లో కూర్చున్నవాళ్లకు ఇంకేదీ వినపడదు.

సోమవారం సాయంత్రం కొడుకు కౌశిక్ ఆఫీసు నుంచి వచ్చి, లాప్‌టాప్ బ్యాగును వంటగట్టు మీద బోర్లించేసరికే ఆవిడకు సంగతి అర్థమైంది. సాంబారు డబ్బా మూత వదులై బ్యాగంతా పచ్చటి మరక. కౌశిక్ అరవలేదు. వాడు అరిచే రకం కాదు. ఆఫీసులో అందరూ వాణ్ణి నెమ్మదస్తుడంటారట.

"ఏంటిది, భవితా?" అని మెల్లగా అడిగాడు.

ఆ మెల్లదనానికే లక్ష్మీకాంతం చెయ్యి రిమోట్ కోసం సోఫా అంతా తడిమింది.

"మూత సరిగ్గానే పెట్టానండీ. ఆ క్లిప్పు..."

"క్లిప్పా?"

మొదటి దెబ్బకు కోడలి తల కప్‌బోర్డు తలుపుకు కొట్టుకుంది. లోపల గ్లాసులు ఘల్లుమన్నాయి. దిండ్ల కింద, ఉన్ని దుప్పటి కింద ఎక్కడా రిమోట్ కనిపించలేదు. ఇంతలో ఆరేళ్ల మనవరాలు వేద మెట్లు దిగి వచ్చి, దాన్ని నానమ్మ ఒళ్లో పెట్టింది. మంచినీళ్ల గ్లాసు తెచ్చినంత మామూలుగా తెచ్చింది.

"నానమ్మా, సౌండ్."

లక్ష్మీకాంతం భజన నొక్కింది. ముందు యాడ్ వచ్చింది. ఒక తెల్లమ్మాయి పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ బ్రష్ చూపిస్తోంది. ఐదు సెకన్లు గడిస్తే గాని దాన్ని దాటనివ్వరు. తెర మూల అంకె తిరుగుతోంది. ఐదు. కౌశిక్ భార్య జుట్టు చేతికి చుట్టుకున్నాడు. నాలుగు. స్టీలు గిన్నె నేల మీద దొర్లింది. మూడు. "వద్దండీ, పాప చూస్తోంది." రెండు. మోకాలితో పొట్టలో పొడిచిన చప్పుడు, తడిబట్టను బండకేసి బాదినట్టు. ఒకటి. అప్పటికి భవిత నోట్లోంచి మాట రావడం లేదు, గాలి వస్తోంది. భజన మొదలైంది. ముప్పై, ముప్పై ఐదు, నలభై. వేద నానమ్మ పక్కన కూర్చుని తెరలోని తాళాలకు సరిగ్గా చప్పట్లు కొట్టసాగింది.

పావుగంట తర్వాత డోర్‌బెల్ మోగింది. కిటికీలోంచి చూస్తే గుమ్మంలో పోలీసాయన నిలబడి ఉన్నాడు. కౌశిక్ చొక్కా చేతులు కిందికి దించుకుని, జుట్టు సవరించుకుని వెళ్లి తలుపు తీశాడు. గోడ అవతలి ఇంటివాళ్లు టీవీ గోల గురించి కంప్లైంట్ చేశారట.

"సో సారీ, ఆఫీసర్. మై మదర్ ఈజ్ డెఫ్," అన్నాడు కౌశిక్ నొచ్చుకుంటూ. ఇటు తిరిగి, చేత్తో సైగ చేస్తూ గట్టిగా, "అమ్మా! సౌండ్! తగ్గించు!" అన్నాడు.

అబద్ధం వాడిదే. కాని దానికి నగిషీ చెక్కింది మాత్రం లక్ష్మీకాంతమే. చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకుని, "ఆఁ? ఏంటీ?" అంది. పోలీసాయనకు జాలేసింది కాబోలు, ఆవిడకేసి చూసి నవ్వి, టోపీ సవరించుకుని వెళ్లిపోయాడు. మేడ మీద బాత్‌రూమ్‌లో కుళాయి చాలాసేపు పారుతూనే ఉంది.

ఇంటి గుట్టు లంకకు చేటు. పోలీసులు తీసుకుపోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే కోడలూ మనవరాలూ కూడా పెట్టె సర్దుకోవాల్సిందే. అందరి మంచి కోసమే కదా అని లక్ష్మీకాంతం తనకు తాను చెప్పుకుంది. ఐదు నెలలుగా చెప్పుకుంటున్న మాటే గనక ఎక్కడా తడుముకోలేదు.

మంగళవారం మధ్యాహ్నం భవిత మినప్పప్పు రుబ్బి, పిండి గిన్నెలోకి తీసి, చేతులు కడుక్కుని హాల్లోకి వచ్చింది. ఎడమ చెవి వెనక కోడిగుడ్డంత వాపు. జుట్టు దాని మీదికి వచ్చేలా జడ వేసుకుంది. కూర్చునేటప్పుడు పొట్ట పట్టుకుని మెల్లగా ఒదిగింది.

"అత్తయ్యా, టీవీ కాసేపు నేను పెట్టుకోనా?"

"పెట్టుకో అమ్మాయ్. నేనేం చూస్తున్నాను గనక."

భవిత డ్రైవింగ్ టెస్టు వీడియోలు పెట్టింది. ఎవరో ఒకాయన కారులో కూర్చుని, ఇరుకు రోడ్డు మీద మూడు మలుపుల్లో బండిని వెనక్కి తిప్పడం చూపిస్తున్నాడు. భవిత వంటింట్లోంచి స్టీలు పళ్లెం తెచ్చుకుని రెండు చేతులా పట్టుకుంది. ఆయన ఎడమకు తిప్పితే పళ్లెం ఎడమకు, కుడికి తిప్పితే కుడికి. చెప్పులు లేని కుడికాలు తివాచీ మీద బ్రేకు నొక్కుతోంది. భుజం మీదుగా వెనక్కి తిరిగి చూడమన్నప్పుడల్లా మెడ నొప్పికి పళ్లు కరుచుకుంటోంది, అయినా చూస్తోంది. ఒకే వీడియోను నాలుగుసార్లు వెనక్కి జరిపింది.

"ఎప్పుడమ్మా టెస్టు?" అని అడగకుండా ఉండలేకపోయింది లక్ష్మీకాంతం.

"గురువారం పదింటికి. చరిత వచ్చి తీసుకెళ్తానంది, తన కారులోనే ఇస్తాను." చరిత పక్క కమ్యూనిటీలో ఉండే స్నేహితురాలు. కౌశిక్‌కు ఆ పిల్లంటే గిట్టదు. "ఆయనకు చెప్పకండి."

"వాడికి చెప్పి వెళ్లకూడదూ? దాచడమెందుకు, తర్వాత తెలిస్తే మళ్లీ..."

"మళ్లీ ఏంటత్తయ్యా?" భవిత తెర మీంచి చూపు తిప్పలేదు. "ఈ ఊళ్లో కారు లేకపోతే పాల ప్యాకెట్‌కి కూడా ఆయన్నే అడగాలి. పాపకు జ్వరం వచ్చినా ఆయన మీటింగ్ అయ్యేదాకా ఆగాలి. ఇంట్లోంచి బయటపడాలన్నా..." అని ఆగి, పళ్లెం ఒళ్లో పెట్టుకుంది. "అయినా మీతో చెప్పి ఏం లాభం? మీకు వినపడదు కదా. నిన్న పోలీసాయనకు కూడా చెప్పారుగా."

వెటకారంగా అన్నా బాగుండేది. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత తేలిగ్గా అనేసి, మళ్లీ పళ్లెం పట్టుకుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని సామెత. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో ఊదింది శంఖమైతే ఇబ్బంది లేకపోయేది. ఇంతలో వేద స్కూలు బస్సు వచ్చింది. భవిత టీవీ కట్టేసి, పళ్లెం తీసుకెళ్లి బోర్లించింది.

బుధవారం వేద బస్సు దిగి ఇంట్లోకి వచ్చేసరికి, వెనకాలే గోడ అవతలి ఇంటావిడ కూడా వచ్చింది. డోనా అని పేరు. ఒకప్పుడు నర్సు, ఇప్పుడు మొక్కలు పెంచుకుంటూ ఒంటరిగా ఉంటుంది. చేతిలో పాత హెడ్‌ఫోన్స్, పొడుగాటి తీగ. లక్ష్మీకాంతం ముందు నిలబడి, ఒక్కో మాటా నోరంతా తెరిచి గట్టిగా చెప్పింది. పోలీసాయన చెప్పినట్టున్నాడు, చెవిటివాళ్ల ముందు మాట్లాడే తీరు ఏ దేశంలోనైనా ఒకటే.

"తన హస్బెండ్‌వి, నానమ్మా," అని వేద తెలుగులోకి మార్చింది. "ఆయనకు కూడా వినపడలేదు. ఇప్పుడు హీ డైడ్. నీకు ఇస్తుంది. పోలీస్‌ని కాల్ చేసినందుకు సారీ చెప్తుంది."

డోనా టీవీ వెనక్కి వంగి తీగ గుచ్చింది. హాల్లో భజన ఠక్కున ఆగిపోయింది. హెడ్‌ఫోన్స్ ఆవిడ చెవులకు తగిలించగానే వందమంది గొంతులూ తల లోపల మోగాయి. బయట మాత్రం చీమ చిటుక్కుమన్నా వినబడేటంత నిశ్శబ్దం. డోనా బొటనవేలు ఎత్తి చూపించి, లక్ష్మీకాంతం చెయ్యి నొక్కి వెళ్లింది. అమాయకురాలు. కంప్లైంట్ చేసి ఒక చెవిటి ముసలిదాన్ని బాధపెట్టానని రెండురోజులుగా కుమిలిపోయినట్టుంది. లక్ష్మీకాంతానికి సిగ్గుతో మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వేద హెడ్‌ఫోన్స్ తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"నానమ్మా, నువ్వు డెఫ్ ఎప్పుడు అయ్యావు?"

"ఎందుకమ్మా?"

"నాకు కూడా అవ్వాలి. ఎన్ని ఇయర్స్ వస్తే అవుతుంది? సెవెన్?"

పిల్ల ముద్దుకు అడగడం లేదు. పుట్టినరోజుకు ఏం కావాలో చెప్పినట్టు చెబుతోంది. లక్ష్మీకాంతం మనవరాలిని దగ్గరికి లాక్కుని తల నిమిరింది.

ఆ సాయంత్రం ఆరున్నరకు ఇంకా ఎండ ఉంది. భవిత వంటింట్లో అట్లు పోస్తోంది. మర్నాటి టెస్టు తలుచుకుంటోందో ఏమో, చెయ్యి చురుగ్గా ఆడుతోంది. కౌశిక్ వచ్చి, బూట్లు విప్పి, మ్యాచ్ హైలైట్స్ చూద్దామని టీవీ పెట్టాడు.

తెర మీద బొమ్మలు వరసగా వచ్చి నిలిచాయి. పై వరసలో భజనలు. దాని కింద, చూస్తూ సగంలో ఆపినవి. మూడు మలుపుల్లో కారు తిప్పడం. టెస్టులో ఫెయిల్ చేసే పది పొరపాట్లు. నార్త్ కెరొలైనా డ్రైవింగ్ టెస్టు, మొదటిసారి ఇచ్చేవాళ్లకు. ఒక్కో బొమ్మ కిందా ఎంతవరకు చూశారో చెప్పే ఎర్రగీత. తను పళ్లెం కడిగి బోర్లించింది గాని, టీవీ అన్నీ గుర్తుపెట్టుకుంటుందన్న సంగతి భవితకు తట్టలేదు. లక్ష్మీకాంతానికి అసలే తెలియదు.

"ఇవి ఎవరు చూస్తున్నారు?" అన్నాడు కౌశిక్. మెల్లగానే.

"నేనేరా," అంది లక్ష్మీకాంతం. "ఏదో నొక్కితే ఏదో వచ్చింది."

"నువ్వు డ్రైవింగ్ నేర్చుకుంటున్నావా, అమ్మా?" వాడు నవ్వాడు. నవ్వుతూనే లేచి వంటింట్లోకి వెళ్లి, స్టవ్ పక్కనున్న భార్య ఫోన్ అందుకున్నాడు. తెరిచి చదివాడు. "టుమారో నైన్ థర్టీకి పికప్ చేస్తా, డోంట్ వర్రీ అట. చరిత." ఫోన్‌ను నేలకేసి కొట్టాడు. "ఎక్కడికే పికప్?"

"టెస్టుకండీ. టెస్టు ఒక్కటే. లైసెన్స్ ఉంటే మీకే హెల్ప్..."

పిడికిలి నోటి మీద పడింది. భవిత వెనక్కి తూలి ఫ్రిజ్‌కు కొట్టుకుంది. కింది పెదవి చిట్లి గడ్డం మీదుగా నెత్తురు కారింది. కౌశిక్ ఆ కుడిచెయ్యి పట్టుకుని, నాలుగు వేళ్లనూ వెనక్కి విరిచాడు. స్టీరింగ్ పట్టాల్సిన వేళ్లు. ఎండుపుల్ల విరిచినట్టు ఒకటి టప్పుమంది. భవిత పెట్టిన కేకకు వేద మెట్ల మీద ఆగిపోయింది.

కౌశిక్ తల తిప్పకుండానే అన్నాడు, "అమ్మా, సౌండ్ పెట్టు."

ఐదు నెలల్లో వాడు ఆ మాట నోరు తెరిచి అనడం అదే మొదటిసారి. ఇన్నాళ్లూ అది తన తెలివి అనుకుంది లక్ష్మీకాంతం. ఇంటి పరువు కాపాడుతున్నాననుకుంది. కాదు. వాడు తల్లి సౌండు పెంచుతుందన్న ధీమాతోనే కొడుతున్నాడు. ఇద్దరూ కలిసి చేస్తున్న పని ఇది, వాడిది చెయ్యి, తనది రిమోట్.

వేద అలవాటు ప్రకారం రిమోట్ తెచ్చింది. లక్ష్మీకాంతం దాన్ని తీసుకుని భజన పెట్టింది. కాని తీగ గుచ్చి, హెడ్‌ఫోన్స్ మనవరాలి చెవులకు తగిలించి, గోడ వైపు తిప్పి కూర్చోబెట్టింది. పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని తల ఊపసాగింది. హాల్లో టీవీ మూగబోయింది. వంటింట్లో దెబ్బలన్నీ ఉన్నవి ఉన్నట్టు గోడలకు తగులుతున్నాయి.

"సౌండ్ పెట్టమన్నానా!" కౌశిక్ గొంతు కోపంతో మొదటిసారి పైకి లేచింది. ఆ వెంటనే భవిత అరుపు ఆగిపోయింది.

అరుపు ఆగితే ప్రాణం కుదుటపడాలి. కాని టీవీ లేని ఆ నిశ్శబ్దంలో ఇంకొకటి వినిపించింది. కప్‌బోర్డు తలుపుకు మడమలు కొట్టుకుంటున్న చప్పుడు. టకటకటక. తర్వాత టక, టక. ఆ తర్వాత ఇంకా మెల్లగా.

లక్ష్మీకాంతం పరుగెత్తింది. కోడలు వంటగట్టు మీద వెల్లకిలా ఉంది. కొడుకు రెండు చేతులూ దాని గొంతు చుట్టూ ఉన్నాయి. భవిత కళ్లు పైకి తేలిపోయాయి. పెనం మీద అట్టు మాడి పొగలొస్తోంది, దాని అంచున అట్లకాడ కాలుతోంది. చిన్నప్పుడు వీడు అల్లరి చేసినప్పుడల్లా అట్లకాడ కాల్చి వాత పెడతానని బెదిరించేది లక్ష్మీకాంతం. ఒక్కసారీ పెట్టలేదు. చేతులు రాలేదు.

ఇవాళ వచ్చాయి. చీర కొంగుతో కాడ పట్టుకుని, కాలిన రేకును వాడి ముంజేతి మీద పెట్టి, బలమంతా పెట్టి అదిమింది. చర్మం చుర్రుమంది. ఎప్పుడూ అరవని కౌశిక్ ఇల్లు దద్దరిల్లేలా అరిచాడు. చేతులు వదిలాయి. భవిత కింద పడి, దగ్గుతూ, నేల మీద పాకుతూ గాలి పీల్చుకుంది. కౌశిక్ తల్లిని ఒక్క తోపు తోశాడు. ఆవిడ మోచెయ్యి గట్టు అంచుకు తగిలి నెత్తురొచ్చింది. అట్లకాడ మాత్రం వదల్లేదు. దాంతోనే గోడను బాదుతూ, "డోనా! డోనా!" అని గొంతు చించుకుని పిలిచింది.

గోడ అవతల కుర్చీ జరిగిన చప్పుడు, ఆ వెంటనే ఫోన్‌లో గబగబా మాట్లాడుతున్న డోనా గొంతు స్పష్టంగా వినిపించాయి.

ఈసారి పోలీసులు ఇద్దరు వచ్చారు. ఒకాయన సోమవారం వచ్చినాయనే. కౌశిక్ అప్పటికి మొహం కడుక్కున్నాడు. ముంజెయ్యి చాచి, బొబ్బలెక్కిన వాతను చూపిస్తూ ఇంగ్లీషులో చెప్పుకుపోతున్నాడు. గొంతులో పాత నెమ్మది తిరిగి వచ్చింది. లక్ష్మీకాంతానికి అన్ని మాటలూ అందలేదు గాని, కావలసినవి అందాయి. మై వైఫ్. హాట్ స్పాచులా. అటాక్డ్ మీ. మై మదర్ ఈజ్ డెఫ్, ఆఫీసర్, షి నోస్ నథింగ్.

రెండో ఆఫీసరు భవితను లేచి నిలబడమన్నాడు. ఏం జరిగిందని ఒకటికి రెండుసార్లు అడిగాడు. నలిగిన గొంతులోంచి భవితకు మాట పెగల్లేదు. విరిగిన వేలు ఒళ్లో పెట్టుకుని తల అడ్డంగా ఊపుతోంది. ఆయన చూపు వాత మీదికీ, అక్కడి నుంచి భవిత మీదికీ వెళ్లింది. చెయ్యి నడుము దగ్గరి బేడీల మీద పడింది. కోడలు అత్తగారి వైపు చూడలేదు. చూసి లాభం లేదని ఏనాడో తెలుసుకుంది.

లక్ష్మీకాంతం వెళ్లి ఆఫీసరుకూ కోడలికీ మధ్య నిలబడింది. "నో డెఫ్," అంది తన చెవి పట్టుకుని.

కౌశిక్ మొహం పాలిపోయింది. "అమ్మా, నువ్వు కూర్చో. నేను చెప్తున్నాగా." గొంతు తగ్గించాడు. "ఆలోచించుకో. కేసైతే నా జాబ్ పోతుంది, వీసా పోతుంది. అందరం పోతాం. నన్ను నువ్వే జైల్లో పెట్టిస్తావా?"

ఆవిడ వాణ్ణి చూసింది. తొమ్మిది నెలలు మోసిన కొడుకు. వాడి చేతి మీది వాత ఎర్రగా ఉబ్బింది, దానికి ఇంత వెన్న రాయాలని ఇప్పటికీ చేతులు లాగుతున్నాయి. ఆ చేతులను కొంగులో చుట్టుకుని, పోలీసాయన వైపు తిరిగి, "తెలుగు," అంది. "తెలుగు, ప్లీజ్."

కౌశిక్ తాను అనువదిస్తానన్నాడు. మొదటి ఆఫీసరు అక్కర్లేదని చెయ్యి చూపించి, వాణ్ణి గుమ్మం బయటికి తీసుకెళ్లమని రెండోవాడికి సైగ చేశాడు. ఎవరికో ఫోన్ చేసి, కాసేపు ఆగి, ఫోన్‌ను లక్ష్మీకాంతం మొహం దగ్గర పట్టుకున్నాడు. ఎక్కడి నుంచో ఒక ఆడపిల్ల గొంతు వచ్చింది.

"నమస్తే అమ్మా. నేను ఇంటర్‌ప్రెటర్‌ని మాట్లాడుతున్న. మీరు చెప్పింది చెప్పినట్టు ఆఫీసర్‌కి ఇంగ్లీష్‌ల చెప్త. నా మాట మీకు మంచిగ వినపడుతున్నదా?"

లక్ష్మీకాంతానికి కళ్లనీళ్లు వచ్చాయి.

"వినపడుతోంది తల్లీ. నాకన్నీ వినపడతాయి."

వాత తానే పెట్టానంది. ఎందుకు పెట్టిందో చెప్పింది. మడమల చప్పుడు గురించి చెప్పింది. వేళ్ల గురించి, సోమవారం సాంబారు గురించి, అంతకుముందు ఇస్త్రీపెట్టె గురించి, ఉగాదినాటి తలుపు సందు గురించి. రోజులన్నీ గుర్తున్నాయి, ఏ రోజు ఏ భజనో కూడా గుర్తుంది. ఫోన్‌లోని అమ్మాయి మధ్యమధ్య గొంతు సవరించుకుంటూ ఒక్కో మాటా ఇంగ్లీషులోకి మారుస్తోంది. ఆఫీసరు చిన్న పుస్తకంలో రాసుకుంటున్నాడు. డోనా లోపలికి వచ్చి, భవిత పక్కన నేల మీద కూర్చుని, విరిగిన వేలికి బట్ట చుడుతోంది. భవిత మాత్రం తల ఎత్తి అత్తగారినే చూస్తోంది. ఆ చూపులో క్షమ గాని కృతజ్ఞత గాని ఏమీ లేదు. వింటోంది, అంతే.

"ఇంకేమన్న చెప్పేది ఉన్నదా అమ్మా?" అని అడిగింది ఫోన్‌లోని అమ్మాయి.

లక్ష్మీకాంతం గోడవైపు తిరిగి కూర్చున్న మనవరాలిని చూసింది. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఎవరికీ వినపడని పాటకు వేద ఇంకా చప్పట్లు కొడుతోంది.

"ఉంది. ఐదు నెలలూ టీవీ సౌండు పెంచింది నేనే. వాడు కొడుతున్నప్పుడు ఎవరికీ వినపడకూడదని పెంచాను. అది కూడా రాయమను."

ఆ అమ్మాయి ఆ మాటలను ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. ఆఫీసరు తల ఎత్తి ఆవిడను ఒకసారి చూసి, అది కూడా రాసుకున్నాడు.